తెరచాపల ఓడల కథలు చదవడం ఎట్లా?

పిల్లలూ,

పోయిన నెలలో మా మనవడు ఒక లావుపాటి ఇంగ్లీషు నవల తెచ్చి నా బల్లమీద పడేశాడు. "ఇందులో యుద్ధాలున్నాయన్నారు, తుఫానులున్నాయన్నారు. తీరా చూస్తే అన్నీ తాళ్లూ, కొయ్యలూ! మూడు పేజీలు చదివేసరికి తల తిరిగింది. నావల్ల కాదు తాతయ్యా," అన్నాడు.

అది ప్యాట్రిక్ ఓబ్రియన్ రాసిన నవల. 1800 ప్రాంతపు ఇంగ్లీషు యుద్ధనౌకల గురించి ఆయన 1969 మొదలు 1999 దాకా 20 నవలలు ప్రకటించాడు. ఆయనకు ముందు సి. ఎస్. ఫారెస్టర్ అనే రచయిత హార్న్‌బ్లోవర్ అనే నావికాధికారి కథలు రాశాడు. వాటిలో మొదటిది 1937లో వచ్చింది. వీరిద్దరికంటే ఎంతో ముందువాడు ఫ్రెడరిక్ మారియట్. ఆయన కుర్రతనంలోనే నౌకాదళంలో చేరి, సముద్రం మీద నిజంగా యుద్ధాలు చూసి, తరవాత కలం పట్టాడు.

మా మనవణ్ణి నేను కోప్పడలేదు. ఎందుకంటే ఈ ఓడమాటల దగ్గర నేనే ఒకసారి బోర్లాపడ్డాను. ఆ సంగతి మీకు చెప్పడానికి కొంచెం సిగ్గుగానే ఉంది. అయినా చెబుతాను.

నలభై ఏళ్ల కిందటి మాట. కాకినాడ దగ్గర ఒక హైస్కూల్లో నేను కొత్తగా పనిచేస్తున్నాను. ఒకనాడు తరగతిలో ఒక ఇంగ్లీషు సముద్రకథ చదివి చెబుతున్నాను. ఉన్నట్టుండి పెనుగాలి వచ్చింది. ఓడ పక్కకి ఒరిగిపోతోంది. కెప్టెను "షీట్లు వదలండి!" అని అరిచాడు. షీట్ అంటే దుప్పటి, గుడ్డ అని కదా మనకు తెలుసు? నేను తడుముకోకుండా, "అంటే తెరచాపలు వదిలెయ్యమన్నాడు," అని చెప్పేశాను.

వెనక బెంచీలోంచి ఒక కుర్రవాడు లేచాడు. వాడిది ఉప్పుటేటి ఒడ్డున ఒక జాలరిపల్లె. "మేస్టారండీ, తెరచాపని వదిలేత్తే ఎగిరి సముద్రంలో పడిపోద్దండి. గాలి జాస్తయితే మా నాన్న తాడు వదుల్తాడండి," అన్నాడు.

తరగతంతా నవ్వింది. నాకు రోషం వచ్చి, "పుస్తకంలో ఉన్నది నీకు తెలుసా, నాకు తెలుసా? కూర్చో," అన్నాను. వాడు తలవంచుకుని కూర్చున్నాడు.

ఆ రాత్రి పెద్ద నిఘంటువు తీసి చూశాను. ఓడ భాషలో షీట్ అంటే గుడ్డ కానే కాదు! తెరచాప కింది మూలకి కట్టిన తాడు! ఆ తాడు వదిలితే తెరచాపలోని గాలి జారిపోతుంది, ఒరిగిన ఓడ నిటారుగా లేస్తుంది. ఇంగ్లీషు మాట తెలియని కుర్రవాడు అర్థం సరిగా చెప్పాడు. ఇంగ్లీషు చదువుకున్న నేను తప్పు చెప్పాను. ఆ ఓడలో ఉన్నవాళ్లు నా అర్థం ప్రకారం నడుచుకుని ఉంటే అందరూ మునిగిపోయేవారే!

మర్నాడు తరగతిలో అందరి ఎదుటా నా తప్పు ఒప్పుకున్నాను. ఆ ఆదివారం వాడు నన్ను వాళ్ల పడవ దగ్గరికి తీసుకుపోయి ఆ తాడు నా చేతికిచ్చాడు. గాలి తెరచాపని లాగుతుంటే ఆ లాగుడు నా అరచేతిలో తెలిసింది. ఆనాడు నేను నేర్చుకున్నది మీకూ చెబుతాను: ఓడ కథలో తెలియని మాట వస్తే, "దీని అర్థమేమిటి?" అని కంగారుపడకండి. "ఇది చేసే పని ఏమిటి?" అని అడగండి. పని తెలిస్తే మాట దానంతటదే వస్తుంది.

మొదట గాలి సంగతి

ఓడ కథలో అందరికంటే పెద్ద పాత్ర గాలి. ఇంజను లేని రోజుల్లో ఓడ ఎటు పోవాలన్నా గాలి దయ మీద పోవలసిందే. కాబట్టి నావికులు కుడి, ఎడమల కంటే ఎక్కువగా తలుచుకునేవి రెండు వైపులు. గాలి వచ్చే వైపు విండ్‌వర్డ్. దానినే వెదర్ సైడ్ అని కూడా అంటారు. గాలి పోయే వైపు లీవర్డ్, లేదా లీ సైడ్.

టేబిలు ఫ్యాను పెట్టుకుని దాని ఎదుట కూర్చోండి. ఫ్యాను ఉన్నది మీకు వెదర్ సైడ్. మీ వెనక గోడ ఉన్నది లీ సైడ్. ఇప్పుడొక కాగితం ముక్క వదలండి. అది పోయి గోడకి కొట్టుకుంటుంది కదూ? ఆ కాగితం ఓడ అనుకోండి. ఆ గోడ రాళ్లతో నిండిన ఒడ్డు అనుకోండి. అదే లీ షోర్. నవలలో ఎవరైనా "లీ షోర్" అన్నారంటే వెంటనే నిటారుగా కూర్చోండి! నడిసముద్రంలో తుఫాను వచ్చినా ఓడకి కొట్టుకుపోవడానికి చోటుంటుంది. గాలి ఒడ్డు వైపు తోస్తుంటే ఆ చోటు ఉండదు. అందుకే వెనకటి నావికులకి సముద్రం కంటే ఒడ్డంటేనే ఎక్కువ భయం.

యుద్ధంలోనూ అంతే. శత్రువు కంటే గాలి వచ్చే వైపున ఉన్న ఓడకి వెదర్ గేజ్ ఉన్నదంటారు. దానికి గాలి అనుకూలం గనక, ఎప్పుడు మీదపడాలో, అసలు పడాలో వద్దో నిర్ణయించుకోవచ్చు. నవలలో కెప్టెన్లు ఒక రాత్రంతా ఫిరంగి పేల్చకుండా ఓడల్ని అటూ ఇటూ తిప్పుతుంటే విసుక్కోకండి. వారు పోట్లాడుతున్నది ఆ చోటుకోసమే.

తెరచాపకి చిరునామా

పెద్ద ఓడకి మూడు స్తంభాలు. ముందుది ఫోర్, నడిమిది మెయిన్, వెనకది మిజెన్. ఒక్కొక్క స్తంభానికి అడ్డంగా, ఒకదానిపైన ఒకటిగా కొయ్యలుంటాయి. ఆ అడ్డకొయ్య పేరు యార్డ్. తెరచాప దానికే వేలాడుతుంది.

ఇట్లాంటి ఓడని స్క్వేర్ రిగ్గు ఓడ అంటారు. తెరచాపలు నలుచదరంగా ఉంటాయి గనక ఆ పేరు వచ్చిందని చాలామంది అనుకుంటారు. అసలు సంగతి అది కాదు. మామూలుగా ఉంచినప్పుడు ఈ అడ్డకొయ్యలు ఓడ పొడవుకి సరిగ్గా అడ్డంగా, మీ మూలమట్టంలో ఉన్నట్టు లంబకోణంలో నిలుస్తాయి. అందుకని స్క్వేర్.

ఇక తెరచాపల పేర్లు. అన్నిటికంటే కింద ఉండేది కోర్స్. దానిపైన టాప్‌సెయిల్. దానిపైన టాప్‌గాలంట్. ఇంకా పైన రాయల్. ఇన్ని పేర్లు బట్టీపట్టాలా అని బెంగపడకండి. ఇది ఉత్తరం మీద చిరునామా రాయడం లాంటిది. మొదట వీధి, తరవాత అంతస్తు. మెయిన్ టాప్‌సెయిల్ అంటే నడిమి వీధి, రెండో అంతస్తు. ఫోర్ టాప్‌గాలంట్ అంటే ముందు వీధి, మూడో అంతస్తు. చీకట్లో, వానలో, ఓడ ఊగుతుండగా "ఫలానా తెరచాప చుట్టండి!" అని కేక వస్తే కళాసీలు తడుముకోకుండా అక్కడికే ఎక్కిపోవాలి. వందలమంది ప్రాణాలు ఆ చిరునామా మీద ఆధారపడి ఉండేవి.

తాళ్లెన్ని ఉన్నా పనులు కొన్నే

విక్టరీ అనే ఇంగ్లీషు యుద్ధనౌక 1765లో నీళ్లలో దిగింది. 1805లో ట్రఫాల్గర్ యుద్ధంలో నెల్సన్ దానిమీదనే ఉండి పోరాడి మరణించాడు. ఆ ఓడ ఇప్పటికీ ఇంగ్లండులో పోర్ట్స్‌మత్ రేవులో ఉంది. దానికి 37 తెరచాపలు. దానికి పట్టిన తాడు సుమారు 26 మైళ్లు! ఇన్ని తాళ్లనీ ఎవరు గుర్తుపెట్టుకుంటారు? అయితే వాటి పనులు మాత్రం కొద్దే.

కదలకుండా స్తంభాల్ని పట్టి ఉంచే తాళ్లు కొన్ని. పక్కల నుంచి పట్టేవి ష్రౌడ్లు. ముందూ వెనకల నుంచి పట్టేవి స్టేలు. డేరాకి కట్టే తాళ్లలాంటివన్నమాట. కళాసీలు పైకెక్కేది ష్రౌడ్ల మీదుగానే.

తక్కినవి లాగే తాళ్లు. అడ్డకొయ్యని పైకెత్తేది హాలియర్డ్. అడ్డకొయ్యని కుడికీ ఎడమకీ తిప్పేది బ్రేస్. తెరచాప కింది మూలని లాగి బిగించేది షీట్. తెరచాపని పైకి ముడిచేవి క్లూలైన్లు, బంట్‌లైన్లు. ఇవి తెలిస్తే నవలలో సగం కేకలు మీకు తెలిసినట్టే.

నమ్మకం లేకపోతే చేసి చూడండి. ఒక అట్టముక్క మీద బంకమట్టి ముద్ద పెట్టి అందులో పెన్సిలు నిలబెట్టండి. అది స్తంభం. ఒక చీపురుపుల్లని దానికి అడ్డంగా, మధ్యన దారంతో వదులుగా కట్టండి. అది యార్డ్. దానికి నలుచదరపు కాగితం అంటించండి. పుల్ల రెండు చివర్లకీ రెండు దారాలు కట్టి వెనక్కి తెండి, అవి బ్రేస్‌లు. కాగితం కింది మూలలకి ఇంకో రెండు, అవి షీట్లు. ఇప్పుడు ఫ్యాను ముందు పెట్టి, దారాలు ఒక్కొక్కటీ లాగుతూ వదులుతూ చూడండి. గాలి కాగితానికి వెనకనుంచి తగిలితే ఓడ ముందుకి పోతుంది. పుల్లని తిప్పి గాలి కాగితం ముందువైపున తగిలేటట్టు చేస్తే అది వెనక్కి తోస్తుంది. ఓడకి బ్రేకులు లేవు కదా! ఆగవలసి వచ్చినప్పుడు ఒక స్తంభం మీది తెరచాపల్ని ఇట్లా తిరగేసి, తక్కినవాటితో పోటీ పెట్టి నిలిపేవారు.

గాలికి ఎదురుగా పోవడం

ఇప్పుడు అన్నిటికంటే రుచికరమైన సంగతి. పోవలసిన ఊరు గాలి వచ్చే వైపునే ఉంటే ఏం చెయ్యాలి?

దిక్సూచిలో 32 గీతలుంటాయి. రెండు గీతల మధ్య దూరాన్ని ఒక పాయింటు అంటారు. అది 11¼ డిగ్రీలు. స్క్వేర్ రిగ్గు ఓడ గాలికి సుమారు ఆరు పాయింట్ల కంటే దగ్గరగా పోలేదు. అంటే 67½ డిగ్రీలు. అంచేత కొంతదూరం గాలికి ఒక పక్కగా, మళ్లీ కొంతదూరం రెండో పక్కగా, వంకరటింకరగా పోవాలి. కాగితం మీద కోణమానినితో గీసి కొలవండి. ఓడ 10 మైళ్లు నడిస్తే గాలికి ఎదురుగా గిట్టుబాటయ్యేది 4 మైళ్లకంటే తక్కువే! పైగా గాలి ఓడని పక్కకి తోస్తుంది గనక నిజంలో ఇంకా తక్కువ. "మూడు రోజులు ప్రయాణం చేసి ఉన్నచోటనే ఉన్నారు" అని నవలలో చదివితే ఇక మీరు ఆశ్చర్యపోరు.

ఒక పక్కనుంచి రెండో పక్కకి మళ్లడానికి రెండు దారులు. ఓడ ముక్కుని గాలిలోంచి తిప్పితే టాకింగ్. అట్లా కాక, వెనకభాగాన్ని గాలిలోంచి తిప్పి, చుట్టు తిరిగి వస్తే వేరింగ్. వేరింగ్ సులువు. కాని చుట్టు తిరిగేటప్పుడు ఓడ గాలివాటున కిందికి జారిపోతుంది. కష్టపడి సంపాదించిన దూరం పోతుంది. టాకింగ్‌లో దూరం పోదు. కాని అది తప్పిపోవచ్చు.

ఎట్లా తప్పుతుంది? "రెడీ అబౌట్!" అనగానే అందరూ తమ తాళ్ల దగ్గర నిలుస్తారు. "హెల్మ్స్ ఎ లీ!" అనగానే చుక్కాని తిరుగుతుంది, ఓడ ముక్కు గాలి వైపు మళ్లుతుంది. ముందు తెరచాపలకి ఇప్పుడు గాలి ఎదురు తగిలి ముక్కుని ఇంకా తోస్తుంది. సరిగ్గా ఆ క్షణంలో "మెయిన్‌సెయిల్ హాల్!" అని కేక. నడిమి స్తంభం, వెనక స్తంభం మీది అడ్డకొయ్యలన్నీ ఒక్కసారి గిర్రున తిరుగుతాయి. ముక్కు గాలిని దాటగానే "లెట్ గో అండ్ హాల్!" ముందు స్తంభం కొయ్యలు కూడా తిరుగుతాయి. ఓడ కొత్త దారిని పట్టింది!

కేక రవ్వంత ముందైనా, రవ్వంత ఆలస్యమైనా ముక్కు గాలిని దాటదు. ఓడ గాలికి ఎదురుగా బిక్కచచ్చి నిలిచిపోతుంది. వెనక్కి జారడం మొదలుపెడుతుంది. వెనక లీ షోర్ ఉన్నదనుకోండి. వేరింగ్ చెయ్యడానికి చోటు లేదనుకోండి. అప్పుడు ఆ నాలుగు కేకలూ చదువుతుంటే మీ గుండె దడదడలాడాలి. మాటలు తెలియనివాడికి ఆ పేజీ తాళ్ల జాబితా. తెలిసినవాడికి అది చావుబతుకుల సమస్య.

నవలా? చరిత్రా?

ఓబ్రియన్ 1973లో ప్రకటించిన నవల ఒకదానిలో లిన్వా అనే ఫ్రెంచి నౌకాధిపతి వస్తాడు. చైనా నుంచి సరుకుతో పోతున్న ఓడల గుంపుని అతను పట్టుకోబోతే, కథానాయకుడి యుద్ధనౌక వాటికి అడ్డుపడుతుంది. లిన్వా కల్పితుడు కాడు. 1804 ఫిబ్రవరిలో మలయా తీరాన పులో ఆర దగ్గర అతను అట్లాంటి గుంపుకి నిజంగానే ఎదురుపడ్డాడు. కాని నిజంలో వాటికి కాపలాగా యుద్ధనౌక ఒక్కటీ లేదు! వర్తకపు ఓడలే కొన్ని నౌకాదళపు జెండాలు ఎత్తి, యుద్ధనౌకలమని నటించి, అతన్ని వెనక్కి మళ్లించాయి. నవల బాగుంది, చరిత్ర అంతకంటే బాగుంది. అందుకే ఒకటి చదివాక రెండోదీ చూడాలి.

అదే లిన్వా, అదే సంవత్సరం ఎక్కడికి వచ్చాడో తెలుసా? మన విశాఖపట్నానికి! 1804 సెప్టెంబరు 15వ తేదీన 74 ఫిరంగుల మరెంగో అనే ఓడతో, రెండు ఫ్రిగేట్లతో వచ్చాడు. అప్పటికి విశాఖలో ఇప్పటి హార్బరు లేదు. అది 1933లో తెరిచారు. ఓడలు బయట సముద్రంలోనే లంగరు వేసేవి. అక్కడ 50 ఫిరంగుల సెంచూరియన్ అనే ఇంగ్లీషు యుద్ధనౌక, రెండు వర్తకపు ఓడలు ఉన్నాయి. సెంచూరియన్ కెప్టెను ఆ సమయానికి ఊళ్లో ఉన్నాడు! యుద్ధం సాగుతుండగా అతను పడవలో ఓడ చేరుకున్నాడు. వర్తకపు ఓడల్లో ఒకటి ఒడ్డుకి కొట్టుకుపోయి అలల్లో పాడైంది. రెండోది ఫ్రెంచివారికి చిక్కింది. సెంచూరియన్ మాత్రం లోతు తక్కువైన చోటికి, ఒడ్డుకి దగ్గరగా జరిగింది. పెద్ద ఓడ మరెంగో అక్కడికి రావడానికి జంకింది. తాళ్లూ కొయ్యలూ దెబ్బతిన్నా సెంచూరియన్ లొంగలేదు. లిన్వా చిక్కిన ఓడని తీసుకుని వెళ్లిపోయాడు. ఇందాక ఒడ్డంటే భయమన్నాను కదా? ఆనాడు ఆ ఒడ్డే ఒక ఓడని చంపి, ఇంకో ఓడని కాపాడింది. ఈసారి విశాఖ బీచికి పోయినప్పుడు ఆ అలల్ని చూసి ఈ సంగతి తలుచుకోండి.

మనవారికి ఈ ఓడలు పరాయివి కావు. గోదావరి మొగదగ్గర కోరంగి అనే ఊరు ఓడలు కట్టడానికీ, మరమ్మత్తులకీ పేరుపొందిన రేవు. 1839 నవంబరు ఉప్పెన దాన్ని నాశనం చేసింది. బర్మాలో తెలుగువారిని చాలాకాలం 'కోరంగీలు' అనే పిలిచేవారు. ఆనాటి వర్తకపు ఓడల మీద మన దేశపు కళాసీలు వేలమంది పనిచేశారు. వారి మేస్త్రీ సరంగు. అతని కింద తండేలు. శ్రీకాకుళం జాలరులు పడవ పెద్దని ఇప్పటికీ తండేలు అనే అంటారు. చూశారా, ఓడమాటలు ఎంత దూరం ప్రయాణం చేస్తాయో!

ఇంకొక మాట. కథలో ఉత్సాహం ఉంది గాని ఆ బతుకు సుఖమైనది కాదు. ఎందరినో బలవంతంగా పట్టుకుపోయి నౌకాదళంలో చేర్చేవారు. తప్పుచేస్తే కొరడాదెబ్బలు. అర్ధరాత్రి, వర్షంలో, అడ్డకొయ్య కింద వేలాడే ఒక్క తాడు మీద కాళ్లు మోపి, బిగుసుకున్న తెరచాపని వేళ్లతో ముడవాలి. కాలు జారితే అంతే. కెప్టెను కీర్తి చదివేటప్పుడు ఆ తాడు మీద నిలిచినవాళ్లని మరవకండి.

ఇక చదవండి

పక్కన కాగితం, పెన్సిలు పెట్టుకోండి. యుద్ధమో తుఫానో మొదలు కాగానే మూడు ప్రశ్నలు వేసుకోండి: గాలి ఎటునుంచి? ఒడ్డు ఎటు? శత్రువు ఎటు? గాలికి ఒక బాణం గీయండి. తెలియని తాడు పేరు వస్తే ఆగకండి. కథ ముగిశాక నిఘంటువు చూడవచ్చు. ఓబ్రియన్ నవలల్లో మచ్యూరిన్ అనే డాక్టరున్నాడు. ఎన్నో భాషలు, ఎన్నో శాస్త్రాలు తెలిసిన పండితుడు. ఏళ్ల తరబడి ఓడలో ఉండి కూడా ఏ తాడు ఏదో అతనికి ఎక్కలేదు! అయినా పాఠకులకి అతనంటే ఎంతో ఇష్టం. మీకు తోడున్నాడన్నమాట.

ఈ మాటలు చచ్చిపోయినవి కూడా కావు. 1997లో మన నౌకాదళంలో చేరిన ఐ.ఎన్.ఎస్. తరంగిణి మూడు స్తంభాల తెరచాపల ఓడ. అది 2003-04లో భూమి చుట్టి వచ్చింది. మన కుర్ర నావికులు దాని అడ్డకొయ్యల మీదికెక్కి పని నేర్చుకున్నారు.

మా మనవడు ఇప్పుడు ఆ నవల సగం దాటాడు. చీపురుపుల్లల ఓడ వాడి బల్లమీద ఉంది. మొన్న వాడే వచ్చి, "తాతయ్యా, షీట్ వదిలేసరికి ఓడ లేచింది!" అన్నాడు. నాకు ఉప్పుటేటి ఒడ్డు కుర్రవాడు గుర్తుకొచ్చాడు.

మీకొక లెక్క ఇచ్చి సెలవు తీసుకుంటాను. గాలి తూర్పునుంచి వీస్తోంది. మీ ఓడ ఉత్తరంగా పోతోంది. పడమట దగ్గరలోనే రాళ్ల ఒడ్డు ఉంది. తూర్పున శత్రువు ఓడ కనిపించింది. మీ ఓడకి లీ సైడ్ కుడివైపా, ఎడమవైపా? వెదర్ గేజ్ ఎవరిది? మీరు దక్షిణానికి మళ్లాలంటే టాకింగ్ మంచిదా, వేరింగ్ మంచిదా? ఎందుకు?

తొందరపడి చెప్పకండి. ఫ్యాను వేసుకుని, కాగితం వదిలి చూసి చెప్పండి. జవాబు వచ్చే నెల.